కోళ్ల గూటి తలుపుకు రెండు దిక్కులా తిరిగే మోటారు: నాలుగు ట్రాన్సిస్టర్ల హెచ్ బ్రిడ్జి డైరీ

మిర్యాలగూడ దగ్గర మా ఊరి ఇంట్లో అమ్మ పెంచుతున్న నాటుకోళ్ల గూటికి పైకీ కిందికీ జరిగే ప్లైవుడ్ తలుపు ఉంది. దాన్ని తెల్లవారాక ఎత్తి, చీకటి పడ్డాక దించే పనిని 12 వోల్టుల చిన్న గేరు మోటారుతో చేయించాలని ఈ పని మొదలుపెట్టాను. తలుపు వేయడం మరిచిన ఒక రాత్రి ముంగిస రెండు పెట్టలను పొట్టన పెట్టుకుంది కాబట్టి, ఈ తలుపు ఒక్క సాయంత్రం కూడా పని మానడానికి వీల్లేదన్నది నేను పెట్టుకున్న షరతు.

తయారుగా దొరికే, మోటారును నడిపే ఎల్298 బోర్డు కొనకుండా విడి ట్రాన్సిస్టర్లతో కట్టడానికి కారణం ఒక్కటే. ఊళ్లో ఏదైనా కాలిపోయినప్పుడు ఏది కాలిందో మల్టీమీటరుతో కనిపెట్టి, ఆ ఒక్కదాన్నే మార్చుకోగలగాలి. దీన్ని తిరిగి కట్టదలచినవారు ఐదో దశలోని అమరికను నేరుగా తీసుకోవచ్చు, కానీ అందులోని ప్రతి అదనపు రెసిస్టర్ ఏ పొరపాటు వల్ల వచ్చి చేరిందో తెలియాలంటే ముందు దశలు కూడా చదవాలి.

హెచ్ బ్రిడ్జి, అంటే మోటారును రెండు దిక్కులా తిప్పే ట్రాన్సిస్టర్ల వంతెన, అమరిక ఇది. ట్రాన్సిస్టర్ ఇక్కడ స్విచ్‌లా పనిచేస్తుంది: బేస్ అనే కాలి దగ్గర కొద్ది కరెంటు పారితే, ఎమిటర్, కలెక్టర్ అనే మిగతా రెండు కాళ్ల మధ్య పెద్ద కరెంటుకు దారి తెరుచుకుంటుంది. ఎడమవైపు ఒక జత, కుడివైపు ఒక జత ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ప్రతి జతలో పైది పీఎన్‌పీ (బేస్ వోల్టేజీ ఎమిటర్ కన్నా దిగితే తెరుచుకునే రకం), దాని ఎమిటర్ 12 వోల్టుల తీగకు కలుస్తుంది. కిందిది ఎన్‌పీఎన్ (బేస్ వోల్టేజీ ఎమిటర్ కన్నా పెరిగితే తెరుచుకునే రకం), దాని ఎమిటర్ గ్రౌండుకు కలుస్తుంది. జతలోని రెండు కలెక్టర్లు కలిసే చోట మోటారు తీగ ఒకటి అతుకుతుంది. ఎడమ పైది, కుడి కిందిది కలిసి పనిచేస్తే మోటారు ఒక దిక్కుకు, కుడి పైది, ఎడమ కిందిది పనిచేస్తే రెండో దిక్కుకు తిరుగుతుంది. ఒకే జతలోని పైదీ కిందిదీ ఒకేసారి పనిచేస్తే మాత్రం మోటారుతో సంబంధం లేకుండా బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది. ఈ డైరీలోని వైఫల్యాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది అక్కడే పుట్టింది.

దశ 1: మోటారును కొలవడం

ట్రాన్సిస్టర్ ఎంచుకునే ముందు మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో తెలియాలి. మోటారు మీద అతికించిన చీటీలో 12 వోల్టులు, నిమిషానికి 30 చుట్లు అని మాత్రమే ఉంది. నేను తీసిన కొలతలు ఇవి.

1. ఖాళీగా తిరుగుతున్నప్పుడు: 75 మిల్లీ ఆంపియర్లు.
2. తలుపును ఎత్తుతున్నప్పుడు: 180 మిల్లీ ఆంపియర్లు. తలుపు బరువు 620 గ్రాములు.
3. తలుపును దించుతున్నప్పుడు: 60 మిల్లీ ఆంపియర్లు.
4. చుట్ట నిరోధం: 10.2 ఓంలు.

నాలుగో కొలతకు కొంత శ్రమ పట్టింది. మల్టీమీటరును ఓంల మీద పెట్టి మోటారు తీగలకు ఆనిస్తే, లోపల బ్రష్‌లు కమ్యుటేటర్ మీద ఎక్కడ ఆగి ఉన్నాయన్నదాన్ని బట్టి ఒక్కోసారి ఒక్కో అంకె వచ్చింది: 10.1, 11.4, 10.6, 13.0. అందుకని పద్ధతి మార్చి, సర్దుబాటు చేసుకోగల సప్లై నుంచి 1 వోల్టు ఇచ్చాను. అంత తక్కువ వోల్టేజీకి మోటారు కదల్లేదు, 98 మిల్లీ ఆంపియర్లు తీసుకుంది. ఒకటిని 0.098తో భాగిస్తే 10.2 వస్తుంది. ఇరుసును చేత్తో బిగబట్టి 12 వోల్టులు ఇచ్చి చూడడం వద్దు. ఈ తరహా గేరు పెట్టెల్లో పళ్లు విరగడానికి అదే దగ్గరి దారి.

ఈ నిరోధం తెలిస్తే రెండు ముఖ్యమైన అంకెలు కాగితం మీదే తేలతాయి. తలుపు ఇరుక్కుని మోటారు ఆగిపోతే 12ను 10.2తో భాగించగా వచ్చే 1.18 ఆంపియర్లు ప్రవహిస్తాయి. రెండో అంకెను నేను మొదట్లో పట్టించుకోలేదు. తిరుగుతున్న మోటారు తానే జనరేటరులా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, ఖాళీగా తిరిగేటప్పుడు అది దాదాపు 11.2 వోల్టులు. పూర్తి వేగంతో తిరుగుతున్న మోటారుకు ఒక్కసారిగా ధ్రువాలు మారిస్తే ఆ 11.2 వోల్టులు బ్యాటరీకి ఎదురు నిలవడం మాని దానితో కలుస్తాయి. 23.2ను 10.2తో భాగిస్తే 2.27 ఆంపియర్లు. అంటే దిక్కు మార్చే క్షణంలో, మోటారు ఇరుక్కున్నప్పటికన్నా దాదాపు రెట్టింపు కరెంటు ట్రాన్సిస్టర్ల గుండా పోతుంది. తలుపు ఎత్తడానికి 180 మిల్లీ ఆంపియర్లే కదా అని వంతెన కట్టడం ఎందుకు చాలదో ఇక్కడ తెలుస్తుంది.

నూలు చుట్టుకునే డ్రమ్ము వ్యాసం 30 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకు 94 మిల్లీమీటర్ల నూలు చుట్టుకుంటుంది. తలుపు లేవాల్సిన ఎత్తు 280 మిల్లీమీటర్లు. బ్యాటరీని నేరుగా మోటారుకు కలిపితే తలుపు 6.8 సెకన్లలో లేచింది. తర్వాతి దశల్లో వంతెన ఎంత వోల్టేజీ తినేస్తోందో ఈ సమయంతోనే పోల్చి చూశాను.

*ఇప్పటివరకు: ఖర్చు రూ. 260 (మోటారు). పని 3 గంటలు. కాలినవి ఏమీ లేవు.*

దశ 2: బీడీ 139, బీడీ 140లతో మొదటి వంతెన

కళాశాల ప్రయోగశాలల్లో వాడిన ఎస్‌ఎల్ 100, ఎస్‌కే 100 జత నా పాత డబ్బాలో ఉంది, కానీ వాటి పరిమితి అర ఆంపియరు. అందుకని కోఠి గుజరాతీ గల్లీలో 1.5 ఆంపియర్ల బీడీ 139 (ఎన్‌పీఎన్), బీడీ 140 (పీఎన్‌పీ) ఒక్కొక్కటి నాలుగేసి కొన్నాను. వీటిలో రక్షణ డయోడ్లు ఉండవు కాబట్టి, ప్రతి ట్రాన్సిస్టర్ కలెక్టర్, ఎమిటర్ల మధ్య ఒక 1ఎన్ 4007ను వ్యతిరేక దిశలో కలిపాను. ఆ డయోడ్లు లేకపోతే, ట్రాన్సిస్టర్ ఆగిన క్షణంలో మోటారు చుట్టలో ఉన్న కరెంటుకు పోయే దారి లేక, అది వోల్టేజీని అమాంతం పెంచి ట్రాన్సిస్టర్‌ను చీలుస్తుంది.

బేస్ రెసిస్టర్ లెక్కలో తప్పు చేశాను. మల్టీమీటరులో హెచ్‌ఎఫ్ఈని (గెయిన్‌ను, అంటే బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే అంకెను) కొలిచే గుంటలో బీడీ 139ను పెడితే 148 చూపింది. భద్రత కోసం 100 అనుకుని, 1.18 ఆంపియర్లకు 11.8 మిల్లీ ఆంపియర్ల బేస్ కరెంటు చాలుననుకున్నాను. 12 వోల్టుల నుంచి 1 కిలో ఓం గుండా 11.3 మిల్లీ ఆంపియర్లు వస్తాయి, సరిపోయినట్టే అనిపించింది. రెండు చేతి స్విచ్‌లతో తలుపును ఎత్తి దించితే అంతా బాగానే నడిచింది, సమయం 7.0 సెకన్లు.

నాలుగో రోజు తలుపు జారే గాడిలో గడ్డి పరకలు ఇరుక్కుని మోటారు ఆగిపోయింది. నేను దూరంగా ఉండడంతో వచ్చి చూసేసరికి ఒక బీడీ 139, ఒక బీడీ 140 కాలిపోయి ఉన్నాయి. కొత్తవి పెట్టి, ఈసారి తలుపును కావాలనే ఆపి, మూడు సెకన్లలో వోల్టేజీలు కొలిచాను.

1. పై ట్రాన్సిస్టర్ మీద 3.6 వోల్టులు.
2. మోటారు మీద 4.7 వోల్టులు.
3. కింది ట్రాన్సిస్టర్ మీద 3.7 వోల్టులు.

మోటారు మీద 4.7 వోల్టులే ఉన్నాయంటే కరెంటు 0.46 ఆంపియర్లు. ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకోలేదు, సగం తెరిచిన కుళాయిలా నిలిచి, ఒక్కొక్కటి 1.7 వాట్ల వేడిని మింగుతోంది. హీట్ సింక్ లేని బీడీ 139 చల్లని గదిలో కూడా తట్టుకోగలిగేది 1.25 వాట్లే. మల్టీమీటరు చూపే హెచ్‌ఎఫ్ఈ కొద్ది మిల్లీ ఆంపియర్ల దగ్గర తీసిన కొలత, కలెక్టర్ కరెంటు పెరిగేకొద్దీ అది బాగా పడిపోతుంది. నా కొలత ప్రకారం అర ఆంపియరు దగ్గర 11.3 మిల్లీ ఆంపియర్లకు 460 మిల్లీ ఆంపియర్లు, అంటే 41. స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్‌కు డేటాషీట్‌లోని గెయిన్‌ను కాక, కలెక్టర్ కరెంటులో పదో వంతో ఇరవయ్యో వంతో బేస్‌కు ఇవ్వాలన్న పాత నియమాన్ని మొదటే పాటించి ఉండాల్సింది.

*ఇప్పటివరకు: ఖర్చు రూ. 460 (ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, రెసిస్టర్లు, జీరో బోర్డు, ఫ్యూజులు, ఫ్యూజ్ హోల్డర్). పని 9 గంటలు. కాలినవి: 2 ట్రాన్సిస్టర్లు.*

దశ 3: డార్లింగ్‌టన్‌లకు మారడం, ఆర్డ్యూనో కలపడం

పదో వంతు నియమం ప్రకారం బేస్‌కు 100 మిల్లీ ఆంపియర్లకు పైగా ఇవ్వాలి. 12 వోల్టుల నుంచి అంత కరెంటు ఇస్తే ఒక్కో బేస్ రెసిస్టర్‌లోనే ఒక వాటుకు మించి వృథా అవుతుంది, మైక్రోకంట్రోలర్ కాలు అంత కరెంటు ఇవ్వనే లేదు. అందుకని టీఐపీ 122 (ఎన్‌పీఎన్), టీఐపీ 127 (పీఎన్‌పీ) డార్లింగ్‌టన్ జతకు, అంటే గెయిన్ పెరిగేలా ఒక్కోదాని లోపల రెండేసి ట్రాన్సిస్టర్లు గొలుసుగా ఉన్నవాటికి, మారాను. వీటి పరిమితి 5 ఆంపియర్లు, గెయిన్ 3 ఆంపియర్ల దగ్గర కూడా వెయ్యికి తగ్గదు, రక్షణ డయోడ్ లోపలే ఉంటుంది. మూల్యం వోల్టేజీ రూపంలో చెల్లించాలి. సాధారణ ట్రాన్సిస్టర్ 0.2 వోల్టులు తినే చోట ఇది 0.7 తింటుంది. తలుపు లేచే సమయం 7.9 సెకన్లకు పెరిగింది. కోళ్లకు ఆ సెకను లెక్కలోది కాదు కాబట్టి ఈ మార్పు నాకు సమ్మతమే, కానీ 5 లేదా 6 వోల్టుల మోటారుకు మాత్రం డార్లింగ్‌టన్ వాడవద్దని చెబుతాను. అక్కడ 1.4 వోల్టుల నష్టం నాలుగో వంతు అవుతుంది.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. అక్షరాలు మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే బీడీ 139 కాళ్లు ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. టీఐపీ 122కు అవే బేస్, కలెక్టర్, ఎమిటర్. మధ్య కాలు మారదు, చివరివి రెండూ తారుమారవుతాయి. పాత రంధ్రాల్లోనే కొత్తది గుచ్చితే తప్పు కంటికి కనబడదు.

తలుపును ఆపి మళ్లీ కొలిచాను: పైన 0.93, మోటారు మీద 10.2, కింద 0.86 వోల్టులు. కరెంటు సరిగ్గా 1 ఆంపియరు, ఒక్కో ట్రాన్సిస్టర్‌లో 0.9 వాటు వేడి. హీట్ సింక్ లేకపోతే ఈ ఆకారపు ట్రాన్సిస్టర్ ఒక వాటుకు 62.5 డిగ్రీలు వేడెక్కుతుంది, అంటే 57 డిగ్రీల పెరుగుదల. మా దగ్గర మే నెలలో నీడలోనే 44 డిగ్రీలుంటుంది. రెండూ కలిపితే లోపల 101 డిగ్రీలు, అనుమతించిన హద్దు 150. హీట్ సింక్ అక్కరలేదని తేలింది. పెట్టదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వెనుక ఉన్న లోహపు రేకు కలెక్టరుకు కలిసి ఉంటుంది, ఒకే జతలోని పైదీ కిందిదీ ఒకే రేకు మీద బిగించవచ్చు, ఎడమ జత రేకు కుడి జత రేకుకు తగలకూడదు.

చేతి స్విచ్‌లు తీసేసి ఆర్డ్యూనో నానో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డును కలిపినప్పుడు అసలు వైఫల్యం వచ్చింది. నాలుగు బేస్‌లనూ 1 కిలో ఓం రెసిస్టర్లతో నేరుగా నాలుగు కాళ్లకు కలిపి, పీఎన్‌పీని ఆపడానికి కాలును హైలో (5 వోల్టులు), నడపడానికి లోలో (సున్నా) పెట్టేలా ప్రోగ్రాం రాశాను. మోటారును తిప్పమని ఆదేశం ఇవ్వగానే 1 ఆంపియరు ఫ్యూజ్ పోయింది. తీగల్లో తప్పుందనుకుని అన్నీ సరిచూసి రెండో ఫ్యూజ్ పెట్టాను, అదీ పోయింది. కారణం తెలియకుండా రెండో ఫ్యూజ్ పెట్టడం నేను చేసిన తప్పు.

ఆ తర్వాత ఫ్యూజ్ స్థానంలో బైకు ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 10 వాట్లది, వరుసలో కలిపాను. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, కరెంటు 0.83 ఆంపియర్లకు మించదు, ఏదీ కాలదు. దీన్ని మొదటి రోజే చేసి ఉండాల్సింది. ఇకపై కొత్త వంతెన ఏది కట్టినా మొదటి పరీక్ష బల్బుతోనే చేస్తాను.

కింది ట్రాన్సిస్టర్ల బేస్ తీగలు ఊడదీసి, పైవాటిని మాత్రం ఆపి ఉంచి కొలిచాను. నానో కాలి దగ్గర 5.1 వోల్టులు, అంటే హై సరిగానే ఉంది. టీఐపీ 127 బేస్ దగ్గర మాత్రం 10.6 వోల్టులు. ఆగిన పీఎన్‌పీకి అక్కడ 12 ఉండాలి. తప్పు అర్థమైంది. పీఎన్‌పీ ఎమిటర్ 12 వోల్టుల మీద ఉంది, దానికి 5 వోల్టులు కూడా దిగువే. బేస్ నుంచి రెసిస్టర్ గుండా ఐదున్నర మిల్లీ ఆంపియర్లు నానో కాలిలోకి వెనక్కి పారుతూనే ఉన్నాయి, వెయ్యి గెయిన్ ఉన్న ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరిచి ఉండడానికి అది ధారాళంగా చాలు. నా దృష్టిలో హై అంటే ఆపు, ట్రాన్సిస్టర్‌కు మాత్రం 12 వోల్టులే ఆపు. పైవి రెండూ ఎల్లప్పుడూ తెరిచే ఉన్నందున, కింద ఏది తెరిచినా ఆ జత షార్ట్ అయింది. చేతి స్విచ్‌లతో ఇది బయటపడకపోవడానికి కారణం, అక్కడ పీఎన్‌పీ బేస్‌ను నేరుగా 12 వోల్టులకే కలిపి ఆపుతున్నాను.

*ఇప్పటివరకు: ఖర్చు రూ. 876 (టీఐపీలు నాలుగేసి, నానో). పని 14 గంటలు. కాలినవి: 2 ట్రాన్సిస్టర్లు, 2 ఫ్యూజులు. నానో బతికింది.*

దశ 4: పైవాటిని నిజంగా ఆపడం

పీఎన్‌పీకీ నానోకూ మధ్య బీసీ 547 అనే చిన్న ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ ఒకటి పెట్టాను. అది తెరిస్తే పీఎన్‌పీ బేస్‌ను కిందికి లాగుతుంది. మూస్తే పక్కకు తప్పుకుంటుంది, అప్పుడు 10 కిలో ఓంల రెసిస్టర్ ఒకటి బేస్‌ను 12 వోల్టుల దాకా ఎత్తి పెడుతుంది. నానో కాలికి ఇక 12 వోల్టులతో సంబంధం లేదు. ఇందులో ఇంకో లాభం ఉంది. పీఎన్‌పీకి ముందు లో అంటే నడువు అయ్యేది, ఇప్పుడు హై అంటే నడువు. కింది ఎన్‌పీఎన్‌కూ అదే అర్థం కాబట్టి, వికర్ణంగా ఉన్న రెండింటినీ ఒకే కాలితో నడపవచ్చు. నాలుగు కాళ్ల బదులు రెండు చాలు: ఒకటి పైకి, ఒకటి కిందికి.

కొలత: ఆగినప్పుడు టీఐపీ 127 బేస్ 12.0 వోల్టులు, నడిచినప్పుడు 10.6. వంతెన మొత్తం ఆగి ఉన్నప్పుడు మల్టీమీటరు చూపిన లీకేజీ 0.01 మిల్లీ ఆంపియరు కన్నా తక్కువ.

మిగిలిన ప్రమాదం రెండు కాళ్లూ ఒకేసారి హై కావడం. ప్రోగ్రాంలో అలా జరగకుండా రాశాను, కానీ ప్రోగ్రాం మార్చేటప్పుడు పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. పొరపాటుకు శిక్ష బ్యాటరీ షార్ట్ కాకూడదు. అందుకే మరో రెండు బీసీ 547లతో తాళం వేశాను. పైకి అన్న కాలు హై అయితే ఒక బీసీ 547 కిందికి అన్న బిందువును గ్రౌండుకు అదిమి ఉంచుతుంది, రెండోది దీనికి ఎదురు పని చేస్తుంది. రెండు కాళ్లూ హై అయితే రెండు బిందువులూ అణగిపోయి మొత్తం ఆగుతుంది. బల్బును వరుసలో ఉంచి, రెండు కాళ్లనూ కావాలని ఒకేసారి హై చేసి పది నిమిషాలు వదిలేశాను. బల్బు వెలగలేదు.

*ఇప్పటివరకు: ఖర్చు రూ. 916. పని 22 గంటలు. ఈ దశలో కాలినవి ఏమీ లేవు.*

దశ 5: చివరికి నిలిచిన అమరిక

ఒక దిక్కుకు సంబంధించిన భాగం ఇది. రెండో దిక్కుకు అచ్చంగా ఇలాగే మరొకటి కట్టాలి.

1. నానో కాలి నుంచి 470 ఓంల రెసిస్టర్ ద్వారా ఒక బిందువు. దీన్ని ఆదేశ బిందువు అందాం.
2. ఆదేశ బిందువు నుంచి 470 ఓంల ద్వారా కింది టీఐపీ 122 బేస్. ఆ బేస్ నుంచి గ్రౌండుకు 10 కిలో ఓంలు.
3. ఆదేశ బిందువు నుంచి 4.7 కిలో ఓంల ద్వారా బీసీ 547 బేస్. దాని ఎమిటర్ గ్రౌండుకు.
4. ఆ బీసీ 547 కలెక్టర్ నుంచి 1 కిలో ఓం ద్వారా, వికర్ణంగా ఉన్న టీఐపీ 127 బేస్. ఆ బేస్ నుంచి 12 వోల్టులకు 10 కిలో ఓంలు.
5. తాళం: నానో కాలి నుంచే, అంటే 470కి ముందు నుంచి, 10 కిలో ఓంల ద్వారా రెండో బీసీ 547 బేస్. దాని ఎమిటర్ గ్రౌండుకు, కలెక్టర్ ఎదుటి దిక్కు ఆదేశ బిందువుకు.

ఐదో మెట్టులో తాళం తీగను 470 తర్వాత నుంచి తీసుకుంటే రెండు తాళాలూ ఒకదాన్నొకటి లాక్కుని, ఏదో ఒక దిక్కు గెలుస్తుంది. కాలి దగ్గర నుంచి తీసుకుంటేనే రెండూ ఆగుతాయి. ఒక దిక్కు నడుస్తున్నప్పుడు ఆదేశ బిందువు దగ్గర 3.1 వోల్టులు కనబడాలి. అప్పుడు కింది బేస్‌కు 3.6 మిల్లీ ఆంపియర్లు అందుతాయి, ఒక ఆంపియరుకు కావాల్సినదానికి మూడు రెట్లు ఎక్కువే. తాళం పడినప్పుడు నానో కాలు ఇవ్వాల్సింది 11 మిల్లీ ఆంపియర్లు, అది దాని శక్తికి లోబడినదే. రెసిస్టర్లన్నీ పావు వాటువి చాలు.

దిక్కు మార్చే ముందు రెండు కాళ్లనూ లోలో పెట్టి అర సెకను ఆగేలా ప్రోగ్రాం రాశాను. ట్రాన్సిస్టర్లు మూసుకోవడానికి కొన్ని మైక్రోసెకన్లే చాలు, ఆ అర సెకను మోటారు నిలవడానికి. మొదటి దశలో లెక్కకట్టిన 2.27 ఆంపియర్లను తప్పించేది ఆ విరామమే. మోటారు ఒకే దిక్కున 12 సెకన్లకు మించి నడిస్తే ప్రోగ్రాం దాన్ని ఆపి బజరు మోగిస్తుంది. గడ్డి ఇరుక్కున్నా ఇక ఏదీ వేడెక్కదు.

తర్వాత వచ్చిన చిక్కు నానో తనంతట తాను మొదటికి రావడం (రీసెట్ కావడం). దాని మీది చిన్న ఎర్ర దీపం, మొదలయ్యేటప్పుడు మిణుకుమన్నట్టే, మోటారు దిక్కు మారినప్పుడు మిణుకుమనడం గమనించి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. 20 సార్లు దిక్కు మారిస్తే 7 సార్లు అలా జరిగింది. బ్రష్‌ల దగ్గర పుట్టే నిప్పురవ్వల వల్ల వచ్చే ఆటంకాన్ని మల్టీమీటరు చూపలేదు కాబట్టి, ఒక్కో మార్పు చేసి మళ్లీ లెక్కపెట్టాను.

1. 12 వోల్టుల తీగ, గ్రౌండుల మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్: 20లో 5.
2. మోటారు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్, ఒక్కో కొస నుంచి మోటారు డొప్పకు ఒక్కొక్కటి: 20లో 1.
3. నానో గ్రౌండు తీగనూ వంతెన గ్రౌండు తీగనూ వేరుచేసి, రెంటినీ బ్యాటరీ దగ్గర మాత్రమే కలపడం: 50లో సున్నా.

మోటారు కరెంటు పోయే తీగ మీదే నానో గ్రౌండును కూడా వేయడం నా మొదటి తీగల అమరికలోని లోపం. రెండో మార్పులో కెపాసిటర్లను బోర్డు మీద కాక మోటారు కొసలకే అతకాలి.

తలుపు పైనా కిందా ఆగడానికి రెండు లిమిట్ స్విచ్‌లను మోటారు తీగల్లోనే వరుసగా కలిపాను, పైది తలుపు లేచేటప్పుడు 12 వోల్టులు అందుకునే తీగలో, కిందిది రెండో తీగలో. తలుపు తగిలితే స్విచ్‌లో దారి తెగి మోటారు ఆగుతుంది. మళ్లీ వెనక్కి రావడానికి స్విచ్‌కు అడ్డంగా ఒక డయోడ్ ఉండాలి. మొదటిసారి రెండు డయోడ్లనూ తలకిందులుగా అతికాను. తలుపు పైకి పోయి స్విచ్‌ను నొక్కింది, స్విచ్‌లో దారి తెగింది, కానీ కరెంటు డయోడ్ గుండా పోవడంతో మోటారు ఆగలేదు, నూలు బిగిసింది, 12 సెకన్ల గడువు వచ్చి ఆగింది. దించమంటే కదల్లేదు. రెండు స్విచ్‌లకూ వర్తించే సులభమైన గుర్తు: డయోడ్ మీది వెండి గీత వంతెన వైపు ఉండాలి, గీత లేని కొస మోటారు వైపు ఉండాలి. ఇక్కడ 3 ఆంపియర్ల 1ఎన్ 5408 వాడాను.

*ఇప్పటివరకు: ఖర్చు రూ. 1,006. పని 29 గంటలు. కాలినవి పెరగలేదు.*

దశ 6: గూటి దగ్గర

బల్ల మీద కనబడని లోపం గూటి దగ్గర కనబడింది. పొద్దున పైకెత్తిన తలుపు, గాలికి ఊగినప్పుడల్లా కొద్దికొద్దిగా దిగి, మధ్యాహ్నానికి సగం మూసుకుంది. కరెంటు ఆగితే గేరు పెట్టె ఆ బరువును నిలపలేకపోతోంది. మోటారు రెండు కొసలనూ షార్ట్ చేస్తే బ్రేకు పడుతుందని విన్నాను కాబట్టి, కింది బేస్‌లు రెంటికీ విడిగా తీగలు వేసి రెండు టీఐపీ 122లనూ తెరిచి చూశాను. తేడా రాలేదు. కరెంటు ఒక ట్రాన్సిస్టర్ గుండా, రెండోదాని డయోడ్ గుండా పోవాలి, రెండూ కలిసి 1.4 వోల్టులు అడ్డుపడతాయి. మెల్లగా జారే తలుపు మోటారులో అంత వోల్టేజీ పుట్టించదు. మోటారు తీగలను ఊడదీసి ఒకదానికొకటి చేత్తో కలిపితే జారడం బాగా తగ్గింది, కానీ ఆగలేదు.

దీనికి ట్రాన్సిస్టర్లలో మందు వెతకడం మాని, కప్పీ మీదుగా 500 గ్రాముల ఇసుక నింపిన సీసాను తలుపుకు ఎదురు బరువుగా వేలాడదీశాను. తేడా 120 గ్రాములు, తలుపు తనంతట తాను జారదు, దించమంటే దిగుతుంది. ఎత్తేటప్పటి కరెంటు 180 నుంచి 110 మిల్లీ ఆంపియర్లకు తగ్గింది, సమయం 7.9 నుంచి 7.3 సెకన్లకు వచ్చింది.

విద్యుత్తు పాత యూపీఎస్ నుంచి తీసిన 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నుంచి వస్తోంది. మోటారు రోజుకు 15 సెకన్లు కూడా నడవదు, రోజువారీ ఖర్చంతా నానోదే: 22 మిల్లీ ఆంపియర్లు, రోజుకు 0.53 ఆంపియర్ అవర్లు. సగానికి మించి వాడకూడదనుకుంటే ఆరు రోజులకోసారి చార్జ్ చేయాలి.

వెలుతురును ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్) చూస్తుంది. మబ్బు పడితే మోసపోకుండా, చీకటి పది నిమిషాలు నిలిచాకే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ తర్వాత ఎంతసేపు ఆగాలన్నది అమ్మ తేల్చింది. వారం రోజులు సాయంత్రాలు గూటి దగ్గర కూర్చుని కోళ్లను లెక్కపెట్టి, ఎల్‌డీఆర్ చీకటిని గుర్తించాక కూడా ఒక మచ్చల పెట్ట 12 నిమిషాలు ఆలస్యంగా వస్తోందని చెప్పింది. తలుపు మూయడాన్ని 25 నిమిషాలు ఆలస్యం చేశాను.

*ఇప్పటివరకు: ఖర్చు రూ. 1,161 (కప్పీ, ప్లాస్టిక్ పెట్టె). పని 35 గంటలు. కాలినవి: 2 ట్రాన్సిస్టర్లు, 2 ఫ్యూజులు. గూటి దగ్గర తలుపు లేచి దిగినది: 46 సార్లు. బజరు మోగినది: 1 సారి, గాడిలో కోడి ఈక. ఇంకా చేయాల్సినవి: నూలు తాడు ఎండకు పెళుసు కాకముందే నైలాన్ దారానికి మార్చడం, రెండు టీఐపీ 122లు, రెండు టీఐపీ 127లు, కాళ్ల వరుస గీసిన కాగితంతో సహా పెట్టె మూతకు లోపల అంటించి ఉంచడం.*